బంటు వెనక మనిషి

నాకు తొందర ఎక్కువ. ముప్ఫై ఆరేళ్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినా ఆ జబ్బు నయం కాలేదంటే అది ఎంత ముదిరిందో మీరే ఊహించుకోండి. సెక్షన్ ఆఫీసరుగా నా బల్ల మీదికి పొద్దున వచ్చిన ఫైలు మధ్యాహ్నానికి పై అధికారి గదిలో ఉండేది. సాయంత్రానికి "చర్చించండి" అన్న ఒక్క ముక్కతో తిరిగి నా దగ్గరికే వచ్చేది. ఒక కాగితం తగ్గిందనో, ఫలానా శాఖ అభిప్రాయం అడగలేదనో ఏదో ఒక లోపం ఉండేది. "అక్కా, నీ ఫైలు మళ్ల పుట్టింటికొచ్చింది" అని అకౌంట్స్‌లో పనిచేసే వరంగల్ తమ్ముడు ఎగతాళి చేసేవాడు.

చదరంగంలోనూ నాది అదే తీరు. చిన్నప్పుడు మా ఊళ్లో అన్నయ్యకు ఓడిపోవడానికి ఒక మనిషి కావలసి వచ్చి నాకు ఆట నేర్పాడు. నేను రెండేళ్లకే వాణ్ణి ఓడించడం మొదలుపెట్టడంతో వాడు ఆట మానేశాడు. ఢిల్లీ వచ్చి సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో స్థిరపడ్డాక మా మంత్రిత్వ శాఖ చదరంగం టీమ్‌లో చేరాను. తర్వాత కెప్టెన్‌నయ్యాను. మొదటి బల్ల నాది, రెండో బల్ల వరంగల్ తమ్ముడిది. మరో ఇద్దరు ఆటగాళ్లు, ఒక అదనపు ఆటగాడు. మొత్తం ఐదుగురం.

మాకొక గది ఉండేది. కింది అంతస్తులో, పాత కూలర్లు పడేసే వరండా చివర. లంచ్ అరగంట అక్కడే గడిచేది. శీతాకాలంలో ఢిల్లీ ఉద్యోగులందరూ లాన్‌లో ఎండకు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటుంటే మేము ఆ చీకటి గదిలో ట్యూబ్‌లైటు కింద ఆడుకునేవాళ్లం. ఆ గది తాళంచెవి ఒక దఫ్తరీ దగ్గర ఉండేది. దఫ్తరీ అంటే రికార్డు గదిలో పాత ఫైళ్లను కుట్టి, ట్యాగ్ వేసి, వరసలో సర్దే ఉద్యోగి. గఢ్వాల్ కొండల మనిషి. సన్నగా, బూడిద రంగు స్వెట్టరు వేసుకుని, మాటకు ముందు ఒకసారి దగ్గి మాట్లాడేవాడు. మేమందరం భాయీ సాబ్ అని పిలిచేవాళ్లం. ఒంటి గంటకు అయిదు నిమిషాల ముందే వచ్చి తలుపు తీసి, బల్లల మీద పావులు పేర్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని మా ఆట చూసేవాడు.

ఆ కుర్చీ సంగతి మీకు చెప్పాలి. ఆఫీసులో కాగితాలన్నీ కంప్యూటర్లలోకి వెళ్లిపోయాక రికార్డు గది మూసేశారు. భాయీ సాబ్‌ను తీసుకొచ్చి పై అంతస్తు వరండాలో, అధికారుల గదుల బయట ఒక స్టూలు మీద ఉంచారు. అధికారి వస్తే లేచి నిలబడాలి, వెళితే లేచి నిలబడాలి. మా కార్యాలయంలో అధికారుల ముందు ఆయన హోదా మనిషి కుర్చీలో కూర్చోవడం అనే ఆచారం లేదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు గానీ ఏ నియమాన్నీ అంత శ్రద్ధగా పాటించగా నేను చూడలేదు. ఒక్క మా గదిలోనే, ఆ అరగంట, అండర్ సెక్రటరీ ఎదురుగా ఉన్నా ఆయన కుర్చీలో కూర్చునేవాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నా చివరి ఏడాది సర్వీసులో మా కార్యాలయం కొత్త భవనంలోకి మారుతుందన్నారు. పాలనా వ్యవహారాలు చూసే జాయింట్ సెక్రటరీ నన్ను పిలిచి సూటిగా చెప్పాడు. ఆయన మంచివాడే, ముక్కుసూటి మనిషి.

"మేడం, కొత్త బిల్డింగ్‌లో జాగా తక్కువ. క్యారమ్స్‌కు కప్పు ఉంది, టేబుల్ టెన్నిస్‌కు కప్పు ఉంది. మీ చెస్‌కు ఏముంది?"

"పోయినేడు ఫైనల్‌కి వెళ్లాం సార్."

"ఫైనల్‌లో ఓడిపోయారు. ఈసారి గెలిచి రండి, గది రాసిస్తాను. లేకపోతే ఆ బోర్డులు ఎవరైనా ఇంటికి పట్టుకెళ్లండి."

నాకు బోర్డుల మీద బెంగ లేదు. నేను మార్చిలో రిటైరవుతున్నాను, తమ్ముడు మెట్రోలో నోయిడా వెళ్లేటప్పుడు ఫోన్‌లో ఆడుకుంటాడు. బెంగంతా ఆ కిటికీ పక్క కుర్చీ గురించే. గది పోతే భాయీ సాబ్‌కు ఆ భవనంలో కూర్చునే చోటు ఉండదు. ఆయనకింకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఆయనకు చెబితే ఒకసారి దగ్గి, "కోయీ బాత్ నహీ మేడం" అన్నాడు. ఫర్వాలేదన్నాడు గానీ ఆ మధ్యాహ్నం పావులు పేర్చేటప్పుడు గుర్రాలను తప్పు గళ్లలో పెట్టాడు.

పోయినేడు మమ్మల్ని ఓడించింది మరో మంత్రిత్వ శాఖ టీమ్. వాళ్ల మొదటి బల్ల మీద ఆడేది ఒక డైరెక్టరు. ఆయన ఆట చూస్తే మీకు నిద్ర వస్తుంది. బంట్లను ఒక్కొక్క గడి చొప్పున ముందుకు జరుపుతాడు. పావుల్ని వాటి వెనకాల దాచుకుంటాడు. మీ వైపు రాడు, గొడవ పెట్టుకోడు. బల్ల మధ్యలో నాలుగు గళ్లుంటాయి, ఆటంతా వాటి కోసమే. ఆయన వాటిని మనకే వదిలేస్తాడు. బస్సులో ఖాళీ సీటు కనబడితే ఎవరు మాత్రం వదులుకుంటారు? నేను నా రెండు బంట్లను మధ్యలో పక్కపక్కన నిలబెట్టాను. అక్కడివరకూ బాగానే ఉంది. ఆ జోడీ అలా నిలబడితే ఎదుటివాడి గుర్రాలకూ శకటులకూ కాలు మోపే చోటుండదు. కానీ నాకు నిలబెట్టడం చేతనవును గానీ నిలబడనివ్వడం చేతకాదు. తొమ్మిదో ఎత్తుకే ఒక బంటును ముందుకు తోశాను. ఆయన దాన్ని పక్క నుంచి కొట్టాడు, నా జోడీ విడిపోయింది, మిగిలిన ఒంటరి బంటును తీరిగ్గా ఏరుకుని తిన్నాడు. చేతులు కలుపుతూ, "జల్దీ క్యా థీ, మేడం?" అన్నాడు. ఏం తొందరొచ్చిందని. ఆ మాట ఏడాదంతా నా చెవిలో పోరు పెడుతూనే ఉంది.

"గాయన ఏం చెయ్యడక్కా" అన్నాడు తమ్ముడు, ఈసారి సన్నాహం మొదలుపెట్టినప్పుడు. "మనం తప్పు చేసేదాంక కూసుంటడు. నువ్వేమో తప్పు చెయ్యనీకి ఉరుకుతవు."

"మరి ఏం చెయ్యమంటావురా?"

"గట్ల ఆడేటోడు ఒకడు దొరకాలె. రోజూ వానితోటి ఆడాలె."

అలా ఆడేవాడు ఎవడు దొరుకుతాడు? మా గదిలో అందరూ నాలాంటి దూకుడు మనుషులే. కంప్యూటరుతో ప్రయత్నించాను, అది అయిదో ఎత్తుకే నా మీద పడేది. అలా వారం గడిచింది. ఒకరోజు తమ్ముడు సెలవు పెట్టాడు, మిగతా వాళ్లు లాన్‌లో ఎండకు వెళ్లారు. గదిలో నేనూ భాయీ సాబ్ మిగిలాం. ఊరికే ఉండలేక ఆడతారా అని అడిగాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "మేడం, ముఝే అంగ్రేజీ వాలా నహీ ఆతా. దేసీ ఆతా హై." తనకు ఇంగ్లీషు ఆట రాదని, దేశీ ఆటే వచ్చని.

దేశీ ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. రెండు గళ్లు దూకే సౌకర్యం లేదు. ఆయన కొండ ఊళ్లో నేర్చుకున్నది అదే. చాలా ఏళ్ల కిందట ఒకసారి మా గదిలో ఆడబోతే కుర్రాళ్లు నవ్వారట, రూల్స్ తెలియవని. అప్పట్నుంచి చూడటమే. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నానో లేదో నాకు గుర్తులేదు. ఆయనకు గుర్తుండి ఉంటుంది, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కూర్చున్నాం. నేను తెల్లపావులు. నా రెండు బంట్లు మధ్యలోకి దూకాయి. ఆయన ఒక బంటును ఒక గడి జరిపాడు. మరో బంటును ఒక గడి. ఇంకోటి. గుర్రాలను బంట్ల వెనక దాచాడు, శకటులను మూలల నుంచి చూసేలా పెట్టాడు. ఆరో ఎత్తు దగ్గర బల్ల మీదికి వంగి మళ్లీ చూశాను. నా ఎదురుగా బల్ల మీద ఉన్నది ఆ డైరెక్టరు పేర్చే కోటే, ఒక్క పావు కూడా అటూ ఇటూ కాలేదు. డైరెక్టరు దాన్ని పుస్తకాలు చదివి కట్టాడు, భాయీ సాబ్ వేరే దారి తెలియక కట్టాడు. వారం రోజులు ఊరంతా వెతికాం, పిల్ల చంకలోనే ఉంది.

ఆ సంతోషంలో బంటు తోశాను. పదిహేను ఎత్తుల్లో ఓడిపోయాను.

ఆయన గెలిచినందుకు సిగ్గుపడ్డాడు. కాసేపటికి ఒకసారి దగ్గి, నేను తోసిన బంటును దాని పాత గడిలోకి తెచ్చి పెట్టి, దాని వెనక ఖాళీ గళ్ల మీద వేలుపెట్టి చూపించాడు.

"పీఛే కౌన్ హై, మేడం?"

వెనకాల ఎవరున్నారని. ఎవరూ లేరు. నా ఏనుగులు మూలల్లోనే ఉన్నాయి, రాజు నడివీధిలో ఉన్నాడు. ఆయన మెల్లగా చెప్పాడు. ట్యాగ్ వేయకుండా కాగితాలు పై అంతస్తుకు పంపితే మెట్ల మీదే రాలిపోతాయట. తన ఉద్యోగంలో మొదటి నెలలోనే ఆ పని చేసి తిట్లు తిన్నాడట. అప్పట్నుంచి దబ్బనంతో కుట్టి, దారం ముడేసి, ఒకసారి లాగి చూశాకే ఫైలు చేయి దాటించేవాడట. నా ఫైళ్లు సగం ఎందుకు వెనక్కి వచ్చేవో అంతకాలం నాకెవరూ అంత మర్యాదగా చెప్పలేదు.

ఆ రోజు నుంచి రోజూ లంచ్‌లో మా ఇద్దరి ఆటే. నేను బంటు మీద చెయ్యి వేయగానే ఆయన, "పీఛే కౌన్ హై?" అనేవాడు. నేను తడబడి చెయ్యి తీసేదాన్ని. మొదటి వారం నాకు కోపం వచ్చింది. రెండో వారం డబ్బాలోని పులిహోర ఆయనకు పెట్టి నేను ఆయన రొట్టెలు తిన్నాను. మూడో వారం మొదటిసారి గెలిచాను. ఆయన ఆ రోజు ఎంత సంతోషపడ్డాడో నాకు పెళ్లయిన రోజు మా నాన్న కూడా అంత సంతోషపడలేదు. తమ్ముడు పక్కన నిలబడి చూస్తూ, "అక్కా, నీకు కూసునుడు వచ్చింది" అన్నాడు.

ఫైనల్ ఒక ప్రభుత్వ భవనం హాల్లో జరిగింది. బయట పొగమంచు, లోపల రెండు హీటర్లు, వాటి చుట్టూ చూడటానికి వచ్చిన అధికారులు. మా జాయింట్ సెక్రటరీ ముందు వరసలో సోఫాలో కూర్చున్నాడు. భాయీ సాబ్‌ను చెస్ గడియారాల సంచి మోయడానికని డ్యూటీ వేయించి తీసుకొచ్చాను. కుర్చీలన్నీ అధికారులకే సరిపోయాయి. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నాకు తెల్లపావులు వచ్చాయి. డైరెక్టరు నమస్కారం పెట్టి, నవ్వి, నా మొదటి ఎత్తుకు జవాబుగా ఒక బంటును ఒక గడి జరిపాడు.

నేను నా రెండు బంట్లను మధ్యలో పక్కపక్కన నిలబెట్టి, ఇక వాటి జోలికి పోలేదు. గుర్రాలను తెచ్చాను. శకటులను తెచ్చాను. రాజును కోటలో పెట్టాను. మంత్రినీ ఒక శకటునూ ఒకే వాలులో నిలబెట్టి ఆయన రాజు కోట కట్టుకునే మూలకు గురి పెట్టాను. ఆయన కోట కడితే చివరి బంటు పోతుంది. అందుకని ఆయన రాజు నడిమధ్యనే ఉండిపోయాడు. తర్వాత ఏనుగులను ఒకదాని తర్వాత ఒకటి ఆ రెండు బంట్ల వెనక దారుల్లోకి తీసుకొచ్చాను. ఆయన వేసే ఎత్తులు అయిపోయాయి. ఏనుగును ఒక గడి పక్కకు జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. నేను తొందరపడాలని ఎదురుచూస్తున్నాడు.

నేనూ ఒక ఉత్త ఎత్తు వేశాను. రాజును మూలకు ఒక గడి జరిపి గడియారం నొక్కాను. ఆయన మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు.

ఈలోగా మిగతా బల్లలు ముగిశాయి. తమ్ముడు గెలిచాడు, మూడో బల్ల ఓడింది, నాలుగో బల్ల సమానమైంది. చెరొకటిన్నర. ఇక కప్పు, గది అన్నీ నా బల్ల మీదే. జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. నా చేయి బంటు మీదికి వెళ్లింది. వెనకాల ఎవరున్నారని నన్ను నేనే అడిగాను. అందరూ ఉన్నారు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుని చూశాను. అప్పుడు తోశాను.

ఆయన ఇరవై నిమిషాలు ఆలోచించాడు. బంటుతో నా బంటును కొట్టాడు, నేను నా రెండో బంటుతో కొట్టాను. ఇప్పుడు అది ఒంటరిగా నిలబడింది, పోయినేడు లాగే. ఆయనకు అలవాటైన భోజనం అది. గుర్రంతో దాన్ని తిన్నాడు. నా గుర్రం ఆ గుర్రాన్ని తిన్నది. ఆయన శకటు నా గుర్రాన్ని తిన్నది. లెక్క చూస్తే ఆయనకు ఒక బంటు లాభం. కుర్చీలో వెనక్కి వాలి టీ కప్పు అందుకున్నాడు.

నేను నా శకటును తీసి నేరుగా ఆయన బంటు నోటి ముందు పెట్టాను.

చుట్టూ ఎవరో "అరే" అన్నారు. డైరెక్టరు దాన్ని తినడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి గాల్లో ఆగిపోయింది. శకటు పక్కకు తప్పుకోగానే వెనకాల నుంచి నా ఏనుగు నడిమధ్యలో ఉన్న ఆయన రాజుకు చెక్ చెప్తోంది. ఆ శకటేమో ఆయన మంత్రి మీద గురిపెట్టి కూర్చుంది. రాజును కాపాడుకుంటే మంత్రి పోతుంది. ఇన్నేళ్లుగా అటు ఎవరూ రారనుకున్న దారి తెరుచుకుంది. దాని చివర మొదటి నుంచీ నా ఏనుగు కాచుకుని ఉంది.

ఆయన పది నిమిషాలు బల్ల వైపే చూశాడు. తర్వాత గడియారం ఆపి, లేచి, చెయ్యి చాపాడు. పెద్దమనిషి, ఆ మాట మాత్రం చెప్పాలి. "బహుత్ ఖూబ్ మేడం. కిస్‌సే సీఖా?" అన్నాడు. చాలా బాగా ఆడారని, ఎవరి దగ్గర నేర్చుకున్నారని.

నేను గోడ వైపు చూపించాను. మా వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. తమ్ముడు నన్ను భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. భాయీ సాబ్ మాత్రం సంచి గట్టిగా పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. నాకూ ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అన్నేళ్లు నా కోసం పావులు పేర్చిన మనిషిని ఈ ఏడాదికి ముందు ఒక్కసారైనా ఆడతారా అని అడగనందుకు కొంత, గెలిచినందుకు చాలా.

కప్పుతో ఫోటో తీయాలని మా టీమ్ కోసం ఐదు కుర్చీలు వేశారు. జాయింట్ సెక్రటరీ నవ్వుతూ వచ్చాడు. "గది మీదే మేడం. మాటంటే మాటే. ఎంతమందికి కుర్చీలు కావాలో రాసివ్వండి."

"ఆరుగురికి సార్."

"టీమ్‌లో ఐదుగురే కదా?"

"ఆరోవారు నాకీ ఆట నేర్పినవారు" అని భాయీ సాబ్‌ను ముందుకు రమ్మన్నాను. ఆయన రాలేదు. తమ్ముడు వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. జాయింట్ సెక్రటరీ ఆ బూడిద రంగు స్వెట్టరును కాసేపు చూశాడు. రోజూ తన గది బయట లేచి నిలబడే మనిషని గుర్తుపట్టినట్టున్నాడు.

"ఆప్ బైఠియే" అన్నాడు, మీరు కూర్చోండని.

"నహీ సర్, మై ఠీక్ హూఁ." వద్దని, నిలబడే బాగుందని అన్నాడు భాయీ సాబ్.

జాయింట్ సెక్రటరీ తనే వంగి మధ్య కుర్చీని వెనక్కి లాగాడు. భాయీ సాబ్ ఒకసారి దగ్గి, స్వెట్టరు సర్దుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీలు చాలక కెప్టెన్‌నైన నేనే వెనక నిలబడ్డాను. ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో అంత హాయిగా నేనెప్పుడూ నిలబడలేదు.